ఏడో నోట్

మంగళవారం, రాజమండ్రి.

బొమ్మూరు సైటులో స్లాబు కింద నిలబెట్టిన సెంట్రింగ్ చెక్కలు విప్పగానే బాల్కనీ కూలింది. మేస్త్రి సూరిబాబు గారి కాలు విరిగింది. స్లాబులో పైవైపు కట్టాల్సిన రాడ్లు కిందివైపు కట్టారట.

నేను ప్లాన్లు గీసే ఆఫీసులో మా ఇంజనీరుకు చీమ కుట్టినట్టయినా లేదు. ప్లాన్ మీద వేలు పెట్టి, "ఏడో నోట్ చూడమ్మా. రాడ్లు పైన అని శుభ్రంగా రాశాం. మన తప్పేం లేదు" అన్నాడు.

శుభ్రంగానే రాశాం, ఇంగ్లీషులో. సూరిబాబు గారు కూడబలుక్కుని చదివేది తెలుగొక్కటే.

అందుకే పోయిన నెల, అన్ని ప్లాన్లలోనూ వచ్చేలా కంప్యూటర్లో నోట్స్ తయారు చేసినప్పుడు, ఆ ఒక్కటీ తెలుగులో పెట్టాను. తెలుగు ఫాంటు పడక, ఒక్కో అక్షరాన్నీ గీతలతో గీశాను. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఈ ఇంజనీరే వచ్చి చూసి, "ఇది ప్లానా, పెళ్లి శుభలేఖా? ఇంగ్లీషులోకి మార్చెయ్" అన్నాడు. "అలాగేనండి" అన్నాను. ఆ "అండి" గుర్తొస్తే నా నోరు నాకే చేదుగా ఉంది.

కనీసం ప్రింటు మీద పెన్నుతోనైనా తెలుగులో రాసి పంపాల్సింది. ఎందుకు పంపలేదో...

సాయంత్రం పిలిచి ఇంకో నోట్ కలపమన్నాడు. నోట్స్ చదవకుండా పని చేస్తే పూర్తి బాధ్యత మేస్త్రిదే అని. ఇకపై ప్రతి ప్లాన్‌లోనూ ఉండాలట.

"ఇదైనా తెలుగులో పెట్టమంటారాండి?" అన్నాను.

నవ్వాడు. "చదివితే ఏ మేస్త్రయినా పనికి ఒప్పుకుంటాడా అమ్మా?"