తాత ఇంటిమీద కిటికీ నీడ

లంపాంగ్,
ఫిబ్రవరి 3.

బ్యాంకాక్‌లోని నవరూప్ కంప్యూటర్ సంస్థ పెద్దలకు, సమ్లీ ఫోటో స్టూడియో యజమానురాలు సమ్లీ నమస్కరించి రాయునది.

ఇక్కడ నేను కుశలం. మా తాత కుశలం కాదు. కారణం మీరే.

తాత అంటే నా కన్నవాళ్ళ తండ్రి కాదు. మా స్టూడియో ఉన్న నేలని కాపాడే తాత. పెరట్లో స్తంభం మీద బుల్లి ఇల్లు కట్టించి, నలభై ఒక్క ఏళ్ళుగా పొద్దున్నే అరటిపళ్ళు, గొట్టం వేసిన ఎర్ర సోడా పెడుతున్నాను. మా ఆయన పోయాక ఈ ఇంట్లో నేను మాట్లాడేది తాతతోనే. నిరుడు పక్క స్థలంలో అయిదంతస్తుల మేడ లేచింది. మనుషుల ఇంటి నీడ తాత ఇంటిమీద పడకూడదని మీకు నేను చెప్పనక్కర్లేదు. పెరట్లో ఏ మూల చూసినా ఆ మేడ నీడే. నీడ పడని చోటు నా కొంపలో ఒక్కటే మిగిలింది, మీ కంప్యూటర్ తెర. తాత ఇంటిని ఫోటో తీసి తెరమీద కుడివైపు కింది మూలన పెట్టి, అగరొత్తులు వెలిగించి, రమ్మని పిలిచాను. వచ్చాడు. మీ పాత వెర్షన్ రేకు డబ్బాలా ఉండేది, చూస్తే అన్నం సహించేది కాదు. అయినా అందులో నీడ లేదు.

పోయిన నెల మీ మనిషి వచ్చి అయిదో వెర్షన్ ఎక్కించాడు. "చూడు పెద్దమ్మా, ఎంత అందంగా ఉందో!" అన్నాడు. ఏముంది అందం? తెరమీద తెరుచుకునే ప్రతి కిటికీకీ కుడిపక్కన, కింద, ఇంత నీడ పెట్టారు. అది తిన్నగా పోయి తాత కప్పుమీద పడుతోంది.

నా వృత్తి చనిపోయినవాళ్ళ ఫోటోలు చక్కదిద్దడం. శవపేటిక ముందు పెట్టే ఫోటో బాగుండాలి కదా. మీ నీడ వచ్చిన మర్నాటి నుంచి నా దగ్గరున్న ఫోటోల్లో చూపులు తిరిగిపోతున్నాయి. పోయిన హెడ్‌మాస్టరుగారి కోడలు కౌంటర్ దగ్గర ఏడ్చినంత పని చేసింది. "మా మామగారు బతికుండగా పక్కచూపు చూసి ఎరగరండీ!" అంది. అందరూ ఒక్క మూలకే చూస్తున్నారు. కుడివైపు, కిందికి.

వెంటనే ఏదో ఒకటి చెయ్యగలరు.

ఇట్లు,
సమ్లీ

తా.క.: కంప్యూటర్లోనే రాసి పంపొచ్చుగా అని మీ మనిషి అన్నాడు. అందులో రాస్తే తాత చదువుతాడు.


బ్యాంకాక్,
ఫిబ్రవరి 12.

గౌరవనీయులైన సమ్లీగారికి,

మీ ఫిర్యాదు అందింది. దాని సంఖ్య 318. మీకు కలిగిన అసౌకర్యానికి విచారిస్తున్నాము.

కిటికీల నీడ కేవలం పైపై మెరుగు అని సవినయంగా తెలియజేస్తున్నాము. లోపల పనిచేసే యంత్రాంగం ఏదీ మారలేదు. నీడ వెడల్పు సరిగ్గా ఎనిమిది తెర చుక్కలు (పిక్సెళ్ళు). దానికి ఎవరిమీదా ప్రత్యేకమైన అభిప్రాయం ఉండదు. ఫోటోల్లో చూపుల విషయం మీ స్కానర్ అద్దం మీద చేరిన దుమ్ము వల్ల కావచ్చు. మెత్తని గుడ్డతో తుడవగలరు.

అయినా నీడ అక్కర్లేదనుకుంటే, అలంకరణ అనే చోటికి వెళ్ళి, 'నీడలు' అన్న మాట పక్కనున్న టిక్కు తీసేయండి.

భవదీయుడు,
తవాచ్,
వినియోగదారుల ఉత్తరాల విభాగం

తా.క.: ఆఫీసు తరఫున కాదు, నా కుతూహలం కొద్దీ అడుగుతున్నాను. కిటికీ పెద్దది చేస్తే తాతగారి ఇల్లు మొత్తం కప్పుకుపోతుంది కదా. దానికి ఆయనకి అభ్యంతరం లేదా?


లంపాంగ్,
ఫిబ్రవరి 20.

తవాచ్ బాబుకి సమ్లీ ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చూశాను. అక్షరాలు బాగున్నాయి. పెళ్ళయిందా?

ముందు నీ సందేహం తీరుస్తాను. తలుపు వేసుకుని పడుకోవడం వేరు, కప్పుమీద ఇంకొకడి ఇల్లు వాలడం వేరు. మీ అమ్మనడుగు, చెబుతుంది.

నువ్వు చెప్పినట్టే టిక్కు తీశాను. నీడ పోయింది. దాంతో ఏ కిటికీ పైనుందో ఏది కిందుందో తెలియక, గ్రామపెద్ద తల తీసుకెళ్ళి, చనిపోయిన వాళ్ళ అత్తగారి రవికెమీద అతికించాను. అలాగే ఫ్రేము కట్టి పంపాను కూడా. మూడు రోజులూ ఆ ఫోటో ముందే భిక్షువులు పారాయణం చేశారు. బతికున్న గ్రామపెద్ద ఎదురుగా కూర్చుని తనకి తానే దణ్ణం పెట్టుకున్నాడట. ఇప్పుడు ఆ వీధిన పోతే నావైపు చూడడం లేదు. అందుకని టిక్కు మళ్ళీ పెట్టాను. నీడ ఉండాలి నాయనా. తాతమీద పడకూడదు, అంతే.

ఎనిమిది చుక్కలన్నావు. నేను స్కేలు పెట్టి కొలిచాను. పొద్దున నాలుగు మిల్లీమీటర్లు. మధ్యాహ్నం పన్నెండింటికి అసలు లేదు. సాయంత్రం అయిదింటికి పదకొండు.

స్కానర్ కూడా తుడిచాను. దుమ్మయితే అందరి కళ్ళూ పాడవ్వాలిగా? పెళ్ళి ఫోటోలు, పాస్‌పోర్టు ఫోటోలు శుభ్రంగా ఉన్నాయి. పోయినవాళ్ళ చూపే తిరుగుతోంది.

ఆ నీడ గీసినవాడి పేరు కనుక్కుని రాయి. తాత అడుగుతున్నాడు.

ఇట్లు,
సమ్లీ పెద్దమ్మ

తా.క.: హెడ్‌మాస్టరుగారు నిన్నటిదాకా మూలకి చూసేవారు. ఇవాళ కొంచెం వంగి చూస్తున్నారు.


బ్యాంకాక్,
మార్చి 1.

సమ్లీ పెద్దమ్మకి తవాచ్ నమస్కారాలు.

పెళ్ళి కాలేదు. అది సంస్థకి సంబంధించిన విషయం కాదు కనక రికార్డులో రాయలేదు.

సాయంత్రానికి నీడ సాగడం అసాధ్యం పెద్దమ్మా. సూర్యుడు ఎటున్నాడో కంప్యూటర్‌కి తెలియదు. ఇది నేను ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే ఆ నీడ గీసింది నేనే. ఇక్కడ ఉత్తరాలకి జవాబు రాసే పని ఈ మధ్యే ఇచ్చారు. అంతకుముందు బొమ్మల విభాగంలో ఉండేవాణ్ణి. ఆ నీడకి ఎనిమిది నెలలు పట్టింది. ఎంత నలుపు, ఎంత మసక, అంచు ఎక్కడ కరగాలి అని నూటనలభై రకాలు గీశాను. ఒకరోజు తెరమీద కిటికీ కాగితంలా పైకి లేచి నిలబడింది. మా విభాగంలో అందరూ చప్పట్లు కొట్టారు. మనిషి రోజంతా చూసే వస్తువు అందంగా లేకపోతే అది పనిచేస్తే ఎంత, చెయ్యకపోతే ఎంత?

తాతగారు అడుగుతున్నారన్నారు కనక మర్యాదకి నా ఫోటో పంపుతున్నాను. ఆఫీసు గుర్తింపు కార్డుకి తీసింది. తీసినవాడికి వెలుతురు పెట్టడం రాదు. నా తల నీడ వెనక గోడమీద గుమ్మడికాయలా పడింది. ఏమీ అనుకోవద్దు.

మీ
తవాచ్

తా.క.: నేను ఇలాంటివి నమ్మను. అయినా ఆయనకి నా నమస్కారాలు చెప్పండి.


లంపాంగ్,
మార్చి 9.

చిరంజీవి తవాచ్‌కి,

మొదటి ఉత్తరంలో నీడ పైపై మెరుగు అన్నావు. రెండోదాంట్లో అదే లేకపోతే బతుకే లేదన్నావు. పైన పటారం లోన లొటారం అంటారే, నీ మాటల్లో ఏది పటారమో ఏది లొటారమో నాకు తెలియడం లేదు.

ఫోటో అందింది. ముద్దుగా ఉన్నావు. చెవులు మాత్రం కొంచెం ఎక్కువ. స్కానర్లో పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించి, "ఇదుగో తాతా, నీ కప్పుమీద నీడ వేసిన పిల్లాడు, తెలియక చేశాడు" అని చెప్పాను. తరవాత సోడా మార్చడానికి లోపలికి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే నీ చూపు తిరిగి ఉంది.

కుడివైపు, కిందికి.

నువ్వు బాగానే ఉన్నావు కదా నాయనా? వెంటనే జాబు రాయి.

ఇట్లు,
సమ్లీ పెద్దమ్మ

తా.క.: రోడ్డు దాటేటప్పుడు జాగ్రత్త.


బ్యాంకాక్,
మార్చి 13. (రిజిస్టర్డ్ పోస్టు)

పెద్దమ్మా,

నేను బతికే ఉన్నాను. ఈ నెల హాజరు పట్టీ నకలు జతపరుస్తున్నాను. ప్రతిరోజూ నా సంతకం ఉంది. మా ఆఫీసు నర్సుచేత నాడి చూపించుకుని సర్టిఫికెట్ కూడా తీసుకున్నాను. ఎందుకని అడిగితే తాతగారికి పంపాలన్నాను. ఆవిడ కొంచెం దూరం జరిగింది.

ఇది స్కానర్ లోపమే. నాకు తెలుసు. అయినా మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నాను.

ఆయన్ని అడగండి. ఏం చెయ్యాలో చెప్పమనండి. కోడిని పెట్టమంటే పెడతాను.

తవాచ్

తా.క.: రెండు కళ్ళూనా, ఒకటేనా?


లంపాంగ్,
మార్చి 17.

తవాచ్ నాయనా,

రెండూ.

తాతకి నీ కోడి అక్కర్లేదు. నీడ తియ్యమనీ అనడం లేదు. నేను స్కేలుతో కొలిచింది గుర్తుందా? మిట్టమధ్యాహ్నం నీడ లేదు. మీ తెరలో ఎప్పుడూ మిట్టమధ్యాహ్నం చెయ్యి. ఎవడి నీడ వాడి కాళ్ళకిందే ఉంటుంది. పక్కవాడి కప్పుమీద పడదు. ఆ మాత్రం ఒక్కరోజులో చెయ్యగలవు. ఎనిమిది నెలల పని పోతుందని బాధ ఉంటే ఉండనీ. నాకూ నలభై ఒక్క ఏళ్ళుగా తోడున్న తాత ఒక్కడే.

సమ్లీ పెద్దమ్మ

తా.క.: తొందరగా చెయ్యి. నువ్వూ వంగడం మొదలుపెట్టావు.


బ్యాంకాక్,
మార్చి 29.

పెద్దమ్మా, నమస్కారం.

దీంతో పాటు ఒక డిస్క్ పంపుతున్నాను. కంప్యూటర్లో పెడితే చాలు, మిగతా పని అదే చేసుకుంటుంది. వెలుతురుని నడినెత్తికి తెచ్చాను. కిటికీ చుట్టూ వెంట్రుకంత నీడ సమానంగా ఉంటుంది. ఏది పైనుందో తెలుస్తుంది, ఎవరిమీదా వాలదు. వచ్చే నెల నుంచి దేశమంతా ఇలాగే వెళుతుంది.

ఇది మా డైరెక్టరు వారీ మేడమ్ సంతకం లేనిదే జరగదు. ఆవిడ చూడగానే మండిపడ్డారు.

"ఎనిమిది నెలలు నా చెవి తినేసి పెట్టించావు. ఇప్పుడు తీసేస్తావా? దీంట్లో అందం ఎక్కడుంది?"

"కింద ఉన్నవాళ్ళమీద పడకపోవడమే అందం మేడమ్."

"నీకేమైనా పిచ్చి పట్టిందా తవాచ్? నీడకి కిందేముంటుంది?"

ఆవిడ తెరమీద వాళ్ళ నాన్నగారి ఫోటో ఉంటుంది. ఆయన పోయి ఆరేళ్ళు. ఆ ఫోటోని నేను రోజూ చూస్తాను కానీ ఎప్పుడూ గమనించలేదు. "మేడమ్, నాన్నగారు ఎటు చూస్తున్నారు?" అన్నాను.

ఆవిడ చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. తరవాత సంతకం పెట్టి, ఆ పూటకి ఇంటికి వెళ్ళిపోయారు.

పెద్దమ్మా, ఇప్పుడైనా నా కళ్ళు ఎలా ఉన్నాయో రాయండి. అన్నం సహించడం లేదు.

మీ
తవాచ్

తా.క.: నేను ఇలాంటివి నమ్మనని ముందొకసారి రాశాను. ఆ ఉత్తరం దయచేసి ఆయనకి చూపించకండి.


లంపాంగ్,
ఏప్రిల్ 6.

చిరంజీవి తవాచ్‌ని సమ్లీ పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

డిస్క్ పెట్టాను. తాత ఇంటిమీద ఎండ పడింది. బుల్లి ఏనుగులు, నాట్యకత్తెల బొమ్మలు, గొట్టం వేసిన సోడా, అన్నీ కొత్తగా తుడిచినట్టున్నాయి. హెడ్‌మాస్టరుగారు నిటారుగా కూర్చుని సూటిగా చూస్తున్నారు, లెక్క తప్పితే బెత్తం దెబ్బ తప్పదన్నట్టు. కోడలు వచ్చి చూసి, "అదీ మామయ్యంటే!" అని కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళకో తాత పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకున్నాను.

ఇక నువ్వు కోప్పడకుండా వినాలి. నీ చూపు తిప్పింది తాత కాదు, నేను. ఇరవై నిమిషాల పని. మిగతావాళ్ళ జోలికి నేను పోలేదు, తాత సాక్షి. కానీ ముప్ఫైమంది చచ్చినవాళ్ళ చూపు తిరిగిందని మొత్తుకుంటే దుమ్మన్నావు. నీ ఒక్కడి చూపు తిరిగిందనేసరికి నాడి పట్టించుకున్నావు. రూపం పైపై మెరుగనే మనిషికి రూపంతోనే చెప్పాల్సొచ్చింది. నీ అన్నం పోగొట్టినందుకు నాది తప్పే. క్షమించు. ఈ నెల కొత్తేడాది పండక్కి లంపాంగ్ రా. జిగురన్నం, మామిడిపండు పెడతాను.

ఇట్లు,
నీ
సమ్లీ పెద్దమ్మ

తా.క.: ఈ ఉత్తరం కవర్లో పెట్టేముందు నీ చూపు సరిచేద్దామని ఫోటో తెరిచాను. అప్పటికే సూటిగా ఉంది. నేను ముట్టుకోలేదు.

ఇంకో తా.క.: నువ్వు పోస్టులో పంపిన కాగితం ఫోటో కూడా తీసి చూశాను. నీ వెనక గోడమీద గుమ్మడికాయంత నీడ ఉండేది కదా. అది లేదు. గోడ తెల్లగా ఉంది. తాత నిన్ను ఎప్పటికీ మిట్టమధ్యాహ్నంలో నిలబెట్టాడో ఏమో, కంగారు పడకు. ఒక్కసారి బయటికి వెళ్ళి ఎండలో నిలబడి నీ నీడ చూసుకో. మధ్యాహ్నం కాదు, సాయంత్రం అయిదింటికి. చూసుకున్న వెంటనే జాబు రాయి నాయనా.