నీడ ఒడ్డున చేపలు

జనవరి 6

హ్యాస్కెల్ మళ్ళీ చేపలు తెచ్చాడు. శుభ్రం చేసి, న్యూస్‌పేపర్లో చుట్టి, వరండాలో పెట్టి వెళ్ళిపోయాడు. అరచెయ్యంత క్రాపీ చేపలు, వీపులు నల్లగా. తలుపు కొట్టలేదు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను, నేనూ తియ్యలేదు.

నా భర్త డెల్మర్ బతికి ఉంటే మొక్కజొన్న పిండి అద్ది పెనం మీద వేయించేదాన్ని. పిల్లికి పెట్టాను.

జనవరి 8, ఉదయం

ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పోయిన చలికాలం డెల్మర్ చేపలకని వెళ్ళి తిరిగి రాలేదు. ట్రక్కు పడవల రేవు దగ్గర దొరికింది. గజ ఈతగాళ్ళు అక్కడంతా వెతికారు. మర్నాడు డెల్మర్ స్నేహితుడు హ్యాస్కెల్ వాళ్ళని ఏటి పడమటి మలుపుకి తీసుకెళ్ళాడు. మొదటి మునకకే దొరికాడు.

నీకెలా తెలిసిందయ్యా అని షెరీఫ్ అడిగితే, చలికి చేపలు ఎక్కడ చేరతాయో వాడూ అక్కడే ఉంటాడు కదా అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

కానీ డెల్మర్ వీణ్ణి ఎన్నిసార్లు ఏడిపించాడో! ఒరేయ్ హ్యాస్కెల్, నీళ్ళతొట్టిలో చేపని వేసిచ్చినా పట్టలేవురా నువ్వు, అనేవాడు. వీడు పళ్ళికిలించేవాడు. అలాంటివాడు జనవరిలో, ఒడ్డు మీంచి, చేపల చోటు ఊహించాడా?

డెల్మర్ వెళ్ళిన రోజు తను జ్వరంతో ఇంట్లో పడుకున్నానన్నాడు.

జనవరి 11

ఓపల్ కొట్లో ఎర కొన్నాను. చేపలు కావాలంటే హ్యాస్కెల్ తెచ్చిస్తున్నాడుగా తల్లీ, ఊరంతా చూస్తూనే ఉంది, అంది కళ్ళెగరేస్తూ. నవ్వేసి ఊరుకున్నాను.

చలికాలం ఒడ్డున చేపలెక్కడుంటాయని అడిగాను. ఎండ ఎక్కడ పడితే అక్కడ, అంది. మధ్యాహ్నం ఎండ తగిలే రాతి గట్టు చూడు, ఒడ్డు పక్కనే లోతుండాలి. ఇంకెక్కడా టైమ్ వేస్ట్ చేసుకోకు. ఈ చలికి చేప నోరు తెరవడానికి కూడా బద్ధకిస్తుంది, ఎర తీసుకెళ్ళి ముక్కు ముందు పెట్టాలి, అంది.

చేపలెక్కడుంటాయో ఆలోచించి ఎవరైనా ఆ పడమటి మలుపుకి చేరగలిగితే హ్యాస్కెల్ నిజం చెప్పినట్టే. ఆ సంగతి నేనే తేల్చుకుంటాను.

జనవరి 12

వేళ్ళు కొయ్యబారాయి. ఒక్కటీ పడలేదు.

జనవరి 15

వంతెన కింద రాళ్ళ దగ్గర కూర్చున్నాను. గాలం కర్ర కొసన తంగూసు దారం మీద మంచు పేరుకుపోతోంది, నోటితో ఊది కరిగించాలి. ఎర ఇంకా లోతుకి దించాను. కదపకుండా వదిలేశాను. బెండు మునగలేదు. కాస్త పక్కకి ఒరిగింది, అంతే. లాగాను. బ్లూగిల్ చేప!

గట్టిగా అరిచాను. తర్వాత సిగ్గేసింది. నేనక్కడికి వెళ్ళింది సంతోషపడడానికి కాదు.

జనవరి 19

ఎండ పడే గట్లన్నీ తిరిగాను. కొన్నిచోట్ల పడ్డాయి, కొన్నిచోట్ల లేదు. ఓపల్ మాట మాత్రం తప్పు కాదు, పడ్డవన్నీ ఎండలోనే.

పడమటి మలుపులో రోజంతా నీడే. దాని వెనక కొండ. చేపల గురించి తెలిసినవాడెవడూ అటు వెళ్ళడు.

మరి డెల్మర్ ఎందుకు వెళ్ళాడు?

జనవరి 20

వెళ్ళాను. ఏడాదిగా ఆ దారి తొక్కలేదు. కూర్చుని జరుగుతూ దిగాను. ఒడ్డంతా బంకమట్టి, పైన గాజులా మంచు.

గ్లవ్ తీసి నీళ్ళలో చెయ్యి పెట్టాను. చల్లగా లేదు! బండ కిందినుంచి ఊట వస్తోంది. బావినీళ్ళలా గోరువెచ్చగా ఉంది. ఎర వేసిన కాసేపటికే క్రాపీ పడింది, మళ్ళీ ఇంకొకటి. వీపులు నల్లగా. నా వరండాలోకి వచ్చేవి ఇవే.

చెయ్యి ముంచితే తప్ప ఇది తెలియదు. లేదా ఎవరైనా చూపించాలి.

హ్యాస్కెల్‌కి డెల్మరే చూపించి ఉండాలి. ఎప్పుడు?

జనవరి 22, సాయంత్రం

మధ్యాహ్నం మలుపు దగ్గర కాచుకుని కూర్చున్నాను. హ్యాస్కెల్ బకెట్‌తో దిగాడు. నన్ను చూసి ఆగిపోయాడు. జ్వరం తగ్గిందా అని అడిగాను.

బకెట్ కింద పెట్టి ఆ మట్టిలోనే కూలబడ్డాడు.

డెల్మర్ తనని ఆ రోజే మొదటిసారి ఇక్కడికి తీసుకొచ్చాడట. ఇదిగో, గుడ్డివాడికి కూడా పడే చోటురా, అని నవ్వాడట. వంగి ఊట చూపిస్తుంటే కాలు జారి నీళ్ళలో పడ్డాడు. హ్యాస్కెల్ డెల్మర్ కోటు చెయ్యి అందుకున్నాడు. కోటు తడిసి బరువెక్కింది, తన కాళ్ళు కూడా జారుతున్నాయి. వదిలేశాను లెనోరా, అన్నాడు. జారిపోలేదు, నేనే వదిలేశాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి నువ్వు నా వంటింట్లో కూర్చుని కాఫీ తాగావు, అన్నాను. వచ్చేస్తాడులే అని నా చెయ్యి నిమిరావు. ఇక్కడున్నాడని తెలిసే నిమిరావు.

అవును, అన్నాడు. నీ ముఖం చూసి చెప్పాలనే వచ్చాను. నోరు పెగల్లేదు.

చేపలెందుకు తెస్తున్నావని అడిగాను. ఇది వాడి చోటు, ఇక్కడివి నీకే చెందాలనిపించింది, అన్నాడు.

బకెట్‌ని నీళ్ళలోకి తన్నాను. వాణ్ణి కూడా తన్నాలనిపించింది. చివరికి, డెల్మర్ ఏమన్నా అన్నాడా అని అడిగాను.

వదలకురా, అన్నాడట. రెండుసార్లు.

డెల్మరే వదిలెయ్ అన్నాడని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాను. అలా చెప్పుకోవడం వాడికి ఎంత తేలిక! చెప్పలేదు. ఏడాదిగా వాడి మాటల్లో నేను నమ్మింది ఈ ఒక్కటే.

జనవరి 23

క్షమించలేదు. క్షమించమని వాడూ అడగలేదు.

ఫిబ్రవరి 2

హ్యాస్కెల్ షెరీఫ్ ఆఫీసుకి వెళ్ళి అంతా చెప్పేశాడు. నేను లోపలికి వెళ్ళలేదు. అక్కడిదాకా కారు నడిపింది మాత్రం నేనే.