మిగిలిన నలభై నిమిషాలు

జంగ్లీఘాట్,
ఆదివారం.

అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది.

వచ్చేసారి నువ్వు కూడా కోర్టుకు వచ్చి హారికను చూస్తానని కబురు పంపావు. రావద్దు అక్కా. ఫెరార్గంజ్ నుంచి అంత దూరం వచ్చినా పాప అక్కడ ఉండదు.

నూకరత్నం నా మీద విడాకుల కేసు వేశాక, నెలకు రెండు శనివారాలు, కోర్టులో కౌన్సెలింగ్ చేసే మేడమ్ ఎదుట, గంటసేపు పాపతో గడపమని జడ్జిగారు చెప్పారు కదా. తప్పు నాదే. తాగిన మత్తులో పాపను బోటు ఎక్కించాను. ఇంజిన్ ఆగిపోయి రోజంతా ఎండలో కొట్టుకుపోయాం. అప్పటినుంచి నన్ను చూస్తే వణికిపోతుంది. నేను మందు మానేసి పదమూడు నెలలైంది. ఆ మాట ఏడేళ్ల పిల్లకు ఎలా చెప్పేది?

నిన్న అబర్డీన్ బజార్లో రిబ్బన్లు కొని తీసుకెళ్లాను. ముట్టుకోలేదు.

"బంగారూ, ఒక్కపాలి నా కాసి సూడమ్మా" అన్నాను.

అది మేడమ్ కొంగు పట్టుకుని, "దీదీ, టైమ్ హో గయా క్యా?" అని అడిగింది. గంట అయిపోవడానికి అప్పటికి ఇంకా నలభై నిమిషాలు ఉంది.

"పాపని పంపించేయండి మేడమ్. నేనింక రాను" అన్నాను.

"భయ్యా, బాగా ఆలోచించుకోండి. ఇక రానని రాసిచ్చేస్తే మళ్లీ కలవడం కష్టం" అందావిడ.

రాసిచ్చేశాను. పాప బయట కూర్చున్న వాళ్లమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఇద్దరూ మెట్లు దిగి వెళ్తుంటే కిటికీలోంచి దాని నవ్వు వినిపించింది. ఆ నవ్వు విని ఏడాది దాటింది అక్కా.

నీ తమ్ముడు