కొల్లేటి అమ్మాయి స్లైడు

మేడమ్ గారూ, నమస్కారమండీ. మీరు రిటైరై వెళ్లిపోయి ఏడు నెలలు. ఏలూరు ల్యాబులో మీ కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను... కూర్చోవడమైతే వచ్చింది.

మొన్న ఒక స్లైడు వచ్చింది. కొల్లేటి పక్క ఊరి అమ్మాయి, ఇరవై ఏళ్లు, పెళ్లి కుదిరింది. కుడి అండాశయంలో గడ్డ ఉందని తీసేశారు. క్యాన్సరైతే రెండో అండాశయం, గర్భసంచి కూడా తీసేయాలని డాక్టరు గారు నా రిపోర్టు కోసం ఆగారు.

మైక్రోస్కోపులో పెట్టీ పెట్టగానే పెద్ద లెన్సు తిప్పేశాను. కణం నిండా తెల్లటి ఖాళీ, న్యూక్లియస్ ఓ మూలకి నెట్టుకుపోయి... ఇంకేముంది, జీర్ణాశయంలో పుట్టిన క్యాన్సర్ అండాశయానికి పాకిందనుకున్నాను. రిపోర్టు టైపు చేసేశాను కూడా. సంతకమొక్కటే తరువాయి.

అప్పుడు గుర్తొచ్చారు మీరు. "ఏమ్మా, అంత తొందరేంటి? ముందు స్లైడుని కిటికీకేసి పట్టి వట్టి కంటితో చూడు." రోజూ తాడేపల్లిగూడెం రైలుకి పరిగెత్తే మీరు, స్లైడు దగ్గర ఒక్కనాడూ పరిగెత్తలేదు. ఆ అలవాటు చూసి చాటుగా ఎంత నవ్వుకునేవాళ్లమో!

పట్టి చూశాను. ఓరి దేవుడా! రంగు పట్టిన ముద్దలు విడివిడిగా, మధ్యలో వెలిసిన జాగా... వానాకాలం కొల్లేటిలో లంకల్లా. చిన్న లెన్సుతో మళ్లీ చూస్తే ముద్దల నిండా పల్చటి గోడల రక్తనాళాలు. సాగిన కణాలూ గుండ్రటి కణాలూ కలగలిసి ఉన్నాయి. ఆ తెల్లటి ఖాళీల్లో, ఆ రకం క్యాన్సర్ కణాల్లో ఉండే జిగురుందేమోనని వేరే రంగు వేయించాను. లేదు. బయటికి పంపిన పరీక్షలూ ఒకటే మాట చెప్పాయి. స్క్లీరోజింగ్ స్ట్రోమల్ ట్యూమర్. అండాశయానికి ఊతంగా ఉండే కణజాలంలో అరుదుగా పుట్టే గడ్డ. క్యాన్సర్ కాదు, తీసేస్తే సరిపోతుంది.

మీకైతే మొదటి చూపులోనే తెలిసిపోయేదా మేడమ్? ఎంత చూసి ఉంటాయండీ మీ కళ్లు...

రిపోర్టు కోసం తల్లి వచ్చింది. పిల్లలు పుడతారా అని అడగలేక అడిగింది. రెండో అండాశయం పదిలంగా ఉందని, ఈ గడ్డ వల్ల భయమేమీ లేదని చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మొదటి రిపోర్టు టైపు చేసినవీ ఆ చేతులే కదా!

ఆ కాగితం చించలేదు మేడమ్. సోమవారం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి ముందు అదే చూపిస్తాను, అది రాసింది నేనేనని చెప్పి.

ఉంటానండీ,
మీ సునీత