ఐదు పెన్నులతో రాసిన ఒక్క మాట

ఏలూరు పవర్‌పేట కాపురస్తుడు, కీర్తిశేషులు కొంపెల్ల సూర్యనారాయణ గారి కుమారుడు, డెబ్బై మూడేళ్ళ రిటైర్డ్ ప్రభుత్వోద్యోగి కొంపెల్ల అనంతరామయ్య అనే నేను, నా భార్యాబిడ్డల నిమిత్తమూ, మరొక మనిషి నిమిత్తమూ స్వహస్తాలతో రాసుకున్న వీలునామా.

నాకు మతి సరిగానే ఉంది. గుండెకి స్టెంటు వేసిన డాక్టరు గారు ఆ మేరకు ఇచ్చిన కాగితం వెనక జతపరిచాను. ఎవరి ఒత్తిడీ లేదు. త్వరగా తెమల్చండని పోరింది నా భార్య ఒక్కతే. ఆవిడ పోరు నలభై ఏడేళ్ళుగా ఉన్నదే కాబట్టి చట్టం దృష్టిలో అది బలవంతం కిందికి రాదనుకుంటాను. డాక్యుమెంటు రైటరు ఏసుకుమార్ గారు తాను రాసిస్తానన్నారు. ముప్ఫై ఆరేళ్ళు ఊళ్ళో వాళ్ళందరి కాగితాలూ రాసినవాణ్ణి, నాది ఇంకొకరిచేత రాయించుకోవడం బాగుండదని వద్దన్నాను. ఇది నా మొదటి వీలునామా. రెండోది రాసే ఓపిక లేదు.

1. షెడ్యూలులో చూపిన పవర్‌పేట ఇల్లు నా తదనంతరం నా భార్య సీతారావమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆవిడ తర్వాత కొడుకూ కూతురూ సమానంగా తీసుకోవాలి. ఆవిడ ఉండగా ఇల్లు అమ్మే ఊసు ఎవరూ ఎత్తకూడదు. వంటింటి కిటికీ బాగు చేయిస్తానని 1998 నుంచీ చెబుతున్నాను. ఎగ్జిక్యూటరు అన్నిటికంటే ముందు ఆ కిటికీ సంగతి చూడాలి.

2. ముదినేపల్లి దగ్గరున్న ఎకరంన్నర వరి పొలం నా కుమార్తె పద్మప్రియకు. చేపల చెరువు తవ్వుకుంటాం, లీజుకివ్వండని ఏటా ఎవరో ఒకరు వస్తారు. ఇవ్వడం మానడం ఆమె ఇష్టం. ఒకసారి తవ్వాక మళ్ళీ అక్కడ వరి చూడటం కష్టం, ఆ సంగతి ఆలోచించుకుని చెయ్యాలి.

3. తాడేపల్లిగూడెంలో లెక్చరరుగా ఉన్న నా కుమారుడు కిరణ్ కుమార్‌ను ఎగ్జిక్యూటరుగా నియమిస్తున్నాను. బ్యాంకులో ఉన్నది వాడికీ వాళ్ళమ్మకీ చెరిసగం. ఇంటర్లో వాడికి కాలేజీ ఫస్టు వస్తే నేను "ఫర్వాలేదు" అన్నానట. తన పెళ్ళినాడు కూడా ఆ మాట గుర్తుచేశాడు. అంతకు మించి అనడం నాకు చేతకాలేదు. మా నాన్నగారు నన్ను ఆ మాత్రం కూడా అనలేదు. నాయనా కిరణ్, నువ్వు మంచివాడివి, పనిమంతుడివి. నిన్ను చూసి చాలాసార్లు గర్వపడ్డాను. రిజిస్టరయ్యే కాగితం మీద రాస్తున్నాను కాబట్టి ఇక నమ్ము.

4. నా రిటైర్మెంటు సభలో ఇచ్చిన గోడగడియారం: ఆ రోజు ఉపన్యాసంలో మా ఆఫీసరు నన్ను మూడుసార్లు అనంతరావు గారన్నాడు. గడియారం రెండో నెలలోనే ఆగిపోయింది. పాతసామాన్ల వాడికి ఇచ్చేయండి. బేరం కూడా ఆడొద్దు.

5. ఇక్కడి నుంచి రాసేది ఆస్తి సంగతి కాదు.

నేను పనిచేసిన ఆఫీసు పేరు రాయను. ఇప్పుడక్కడ ఉన్నవాళ్ళకి ఈ గొడవతో సంబంధం లేదు. నేను సూపరింటెండెంటుగా ఉన్నన్నాళ్ళూ నా కింది ఉద్యోగుల పనితీరు మీద రహస్య నివేదిక రాయడం నా విధి. సి.ఆర్. అనేవాళ్ళం. ఏటా రాయాలి. మా ఆఫీసులో ఏటా రాసిన మహానుభావుణ్ణి నేను చూడలేదు. ప్రమోషన్లకి ప్యానెలు వేస్తున్నామని పైనుంచి ఉత్తరం రాగానే ఐదేళ్ళవీ ఒక్కసారే కూర్చుని రాసేవాళ్ళం. ఒకే పూట రాసినట్టు కనబడకుండా ఏడాదికో పెన్ను మార్చేవాళ్ళం. నా సొరుగులో ఇందుకోసమే ఐదు పెన్నులుండేవి. నాకు ఆఫీసులో నిక్కచ్చి మనిషినని పేరు. అయినా పెన్నులు మార్చేటప్పుడు ఏమీ అనిపించేది కాదు.

2009 మే నెలలో ఒక మధ్యాహ్నం ఇద్దరి రిపోర్టులు పంపాలి. ఇద్దరూ సీనియర్ అసిస్టెంట్లు, ఖాళీ ఉన్నది ఒక్క సూపరింటెండెంటు పోస్టు. అనిల్ కుమార్ తన ఐదేళ్ళవీ తనే టైపు చేయించుకొచ్చి, "మీకెందుకండీ శ్రమ" అంటూ ముందు పెట్టాడు. ఐదింట్లోనూ "అత్యుత్తమం" అని ఉంది. కరెంటు పోయింది, ఉక్కగా ఉంది. సంతకాలు పడేశాను. అతన్ని నేను తప్పుపట్టడం లేదు, అందరూ చేసేదే చేశాడు.

రెండో మనిషి తాళ్ళూరి రత్నమాణిక్యం గారు. ఆమె ఏమీ రాసి తేలేదు, నన్నేమీ అడగలేదు. అందుకని ఆమెవి నేనే శ్రద్ధగా రాశాను. ఐదేళ్ళకీ, ఐదు పెన్నులతో, "సంతృప్తికరం" అని రాశాను. నా దృష్టిలో అది మంచి మాట. నా పై ఆఫీసర్లు నాకు ముప్ఫై ఆరేళ్ళూ అదే రాశారు, మా కాలంలో సీనియారిటీ చూసే ప్రమోషనిచ్చేవారు.

ప్యానెలు వాళ్ళకి అది మంచి మాట కాదు. "చాలా బాగు"కి తక్కువైతే ఆ పేరు పక్కన పెట్టేస్తారని లిస్టు వచ్చిన రోజున తెలిసింది నాకు. చెడ్డ రిమార్కైతే ఆ మనిషికి కాగితమిచ్చి సంజాయిషీ అడగాలి. ఇది చెడ్డది కాదు గనక ఆమెకి తెలియపరిచే పని కూడా లేకపోయింది. ఆరేళ్ళు జూనియరైన అనిల్ కుమార్ సూపరింటెండెంటయ్యాడు. ఆమె అతని కింద పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగానే రిటైరయ్యారు.

లిస్టు వచ్చిన మర్నాడు ఆమె నా బల్ల దగ్గరికొచ్చి, "నా పనిలో ఏవన్నా లోటుందాండీ? ఉంటే దిద్దుకుంటానండి" అని అడిగారు. నేను తలెత్తకుండా, "అబ్బే, అదంతా పైవాళ్ళ నిర్ణయమమ్మా" అన్నాను. రిపోర్టులో రాసింది తెలియక చేసిన తప్పు. ఈ మాట మాత్రం తెలిసే అన్నాను.

ఆ ఐదేళ్ళలో 2005వ సంవత్సరం కూడా ఉంది. కొల్లేరు పొంగి కలిదిండిలో మా సబ్ ఆఫీసులోకి నడుంలోతు నీళ్ళొచ్చాయి. మా అందరి సర్వీసు రిజిస్టర్లూ అక్కడే ఉన్నాయి. రత్నమాణిక్యం గారు చేపల చెరువు వాళ్ళనడిగి టార్పాలిన్ తెచ్చి, తాటిదోనెలో రెండు విడతలుగా అరవై మూడు రిజిస్టర్లు ఒడ్డుకి చేర్చారు. ఆ పైన ఇంటి నుంచి ఇస్త్రీ పెట్టె తెచ్చుకుని, పదకొండు రోజులపాటు తడికాగితాలు ఒక్కొక్కటే ఇస్త్రీ చేసి ఆరబెట్టారు. నా రిజిస్టరులో పద్నాలుగో పేజీ మీద గోధుమరంగు మచ్చ పడింది. "కాస్త మాడిందండీ, ఏమీ అనుకోకండి" అని ఆమే నాకు క్షమాపణ చెప్పుకున్నారు. ఈ రోజు నా పెన్షను ఆ రిజిస్టరు చలవే. ఆ ఏటికి కూడా "సంతృప్తికరం" అనే రాశాను. సిగ్గుగా ఉంది.

6. పై కారణాల చేత, భీమడోలులో ఉంటున్న సదరు రత్నమాణిక్యం గారికి ఈ కిందివి చెందాలి.

(అ) ఆ ఐదేళ్ళ పనితీరు మీద నేను ఒకే పెన్నుతో, ఇవాళ్టి తేదీతో, జరిగింది జరిగినట్టు రాసిన నివేదిక. ఏ ఆఫీసులోనూ అది చెల్లదని తెలుసు.

(ఆ) రిటైరయ్యాక ఆఫీసు వాళ్ళు నాకు తిరిగిచ్చిన, ఇస్త్రీ మచ్చ ఉన్న నా సర్వీసు రిజిస్టరు.

(ఇ) నేను ఆ రిపోర్టులు రాసిన టేకు బల్ల. పాత ఫర్నిచరు వేలం వేసినప్పుడు కొనుక్కున్నాను. గట్టి బల్ల, ఇంకో యాభై ఏళ్ళుంటుంది.

నా పెద్దకర్మ అయ్యాక ఎగ్జిక్యూటరు భీమడోలు వెళ్ళి, 5, 6 క్లాజులు ఆమె ముందు చదివి వినిపించాలి.

7. ఈ క్లాజు వారం తర్వాత రాసింది. పైది చదివి నా భార్య కాగితాలు నా ఒళ్ళో పడేసి, "బతికుండగా మీ నోటితో చెప్పలేని మాట చచ్చాక పిల్లాడిచేత చెప్పిస్తారా? ఏం మనిషండీ మీరు!" అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజున కిరణ్‌ని తోడు తీసుకుని ప్యాసింజరెక్కి భీమడోలు వెళ్ళాను. స్టేషను నుంచి వాళ్ళింటికి నడుస్తూ మూడుసార్లు ఆగాను. కొంత గుండె వల్ల, కొంత భయం వల్ల.

ఆమె భర్త ప్రభుదాసు గారు కుర్చీలు వేశారు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఐదో క్లాజు నిలబడే చదివారు. చదివి, "పదహారేళ్ళండీ. ఎక్కడ తప్పు చేశానా అని నేను పెట్టిన ఫైళ్ళన్నీ ఒకటొకటే మనసులో తిరగేసుకున్నానండి. లోటు లేదమ్మా, తప్పు నాదీ అని ఆ రోజే అనుంటే సరిపోయేది కదండీ" అన్నారు. ఏడవలేదు, కోప్పడలేదు. ఆ రెంటిలో ఏది చేసినా నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. తప్పయిందమ్మా అన్నాను.

బల్ల వద్దన్నారు. రిజిస్టరు మీ పిల్లల దగ్గరుండాలండీ అన్నారు. నివేదిక మడత కూడా విప్పలేదు. మళ్ళీ కాగితాలు తిరగేసి, "సాక్షి సంతకం జాగా ఖాళీగా ఉందేవండీ, ఎవరు పెడుతున్నారు?" అని అడిగారు. ఇందులో ఏదైనా పుచ్చుకునే వాళ్ళు సాక్షి సంతకం చేయకపోవడం మంచిదని ఏసుకుమార్ గారు చెప్పారన్నాను. "నేనేమీ పుచ్చుకోవడం లేదు కదండీ, అందుకేనండి, ఏలూరొచ్చి నేను పెడతాను" అన్నారు.

కాబట్టి 6వ క్లాజు రద్దు. రాసింది కొట్టెయ్యకుండా అలాగే ఉంచుతున్నాను. బల్ల నా మనవరాలు కృష్ణప్రియ చదువుకోడానికి ఇవ్వాలి. పెన్నులు ఐదూ ఎండిపోయాయి, పారేశాను.

ఇది నేను చదువుకుని, సమ్మతించి, ఈ దిగువ సాక్షుల ఎదుట సంతకం చేసినది.

ఏలూరు, 14 ఆగస్టు 2025, గురువారం.

(సం.) కొంపెల్ల అనంతరామయ్య

సాక్షులు:

1. (సం.) ఏసుకుమార్, డాక్యుమెంటు రైటరు, ఏలూరు.

2. రాసిన వారు నా ఎదుటే సంతకం చేశారు. కాగితాలు మొత్తం చదివాను. 5వ క్లాజులో 2008 అని తప్పు పడిన సంవత్సరాన్ని 2009గా దిద్దించి, పక్కన వారిచేత పొడి సంతకం పెట్టించాను. మిగతాది సంతృప్తికరం.
(సం.) తాళ్ళూరి రత్నమాణిక్యం, రిటైర్డ్ సీనియర్ అసిస్టెంటు, భీమడోలు.