బాలప్ప అంగడి గోడ

కదిరి,
9-5-1966

పూజ్యులైన అన్న చౌడప్పకు,

చెల్లెలు నాగలక్ష్మమ్మ నమస్కారాలు. బళ్ళారిలో నువ్వూ, వదినా, పిల్లలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. మాకు ఒంట్లో బాగానే ఉంది గానీ, నిన్న జరిగింది నీకు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మీ బావ పద్నాలుగేళ్ళుగా బోర్డులు, సినిమా బ్యానర్లు తప్ప ఇంకేమీ ముట్టలేదని నీకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో బొగ్గుముక్క దొరికితే చాలు, కనిపించిన మనిషినల్లా గీసేవాడు. తర్వాత తనకోసం ఒక్క గీత గీయలేదు. అడిగితే లేచి వెళ్ళిపోయేవాడు.

బస్టాండు ఎదుట జవళి వ్యాపారి బాలప్ప కొత్త అంగడి కట్టాడు. పక్కగోడ నిండా పట్టుచీర కట్టుకుని నవ్వే పెళ్ళికూతురు కావాలన్నాడు. మీ బావ ఒప్పుకుని, ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టించుకుని ఎనిమిది రోజులు లోపలే పనిచేశాడు. నేను సద్ది తీసుకుపోతే పట్టా బయటికి వచ్చి అందుకునేవాడు. తొంగిచూడనివ్వలేదు.

నిన్న పొద్దున మేళం వాయిస్తుండగా పట్టాలు లాగారు. మేళం ఆగిపోయింది అన్నా. ఆపమని ఎవరూ చెప్పలేదు.

పెళ్ళికూతురు లేదు. ఈ చివర నుంచి ఆ చివరదాకా సత్తుగిన్నెలు పట్టుకున్న ఆడవాళ్ళ వరుస. ఎర్రమన్ను రంగు, మసి, అంతే. నడుమ ఒక ముసలామె నేలకు ఒరిగిపోయి ఉంది. గిన్నె మాత్రం రెండు చేతులా నిలబెట్టి పట్టుకుంది.

బాలప్ప మీ బావ వైపు తిరిగాడు. “ఏమప్పా ఆదెన్నా, పెండ్లి గుడ్డలకొచ్చేటోళ్ళకు ఇదా చూపించేది? చీర యాడప్పా?” అన్నాడు.

“చీరే గీద్దామని మొదలుపెట్టినా అన్నా. గోడ ముందర మళ్ళా గంజికి వరుస కడతాండారు. వాళ్ళను చూసినాక నా చెయ్యి నా మాట వినలేదు” అన్నాడు మీ బావ.

ఇంతలో జనంలోంచి సుంకమ్మ అనే కూలామె వచ్చింది. గోడ మీద అరచెయ్యి ఆనించి, “ఈయమ్మ యెనకాల నేనే ఉంటి. కడాకూ గిన్నె ఇడిసిపెట్లేదు” అంది. అది విన్నాక అక్కడే కూలబడ్డాను.

సాయంత్రానికి బాలప్ప గోడకు సున్నం కొట్టించాడు. మీ బావ ఎదురుగా నిలబడి అంతా చూశాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. ఇంటికొచ్చి పాత బ్యానరు తిరగేసి కట్టి, మళ్ళీ మొదటినుంచి గీయడానికి కూర్చున్నాడు. ఈ రోజు బోర్డుల కోసం ఇద్దరు వచ్చిపోయారు. తలెత్తలేదు. ఆయన్ను చూస్తుంటే భయమేస్తోంది, వద్దనడానికి మాత్రం నోరు రావడం లేదు.

ఇట్లు,
నీ చెల్లెలు
నాగలక్ష్మమ్మ

తా.క. జాబు మడిచి మళ్ళీ విప్పాను. ఆ ముసలామె మన అమ్మే అన్నా. యాభై రెండు కరువులో, నువ్వు మిలిటరీలో ఉండగా, అమ్మ జ్వరంతో పోయిందని నీకు రాసింది నేనే. జ్వరం కాదు. నేను కడుపుతో ఉన్నానని ఇంట్లో ఉన్న కూడు నాకు పెట్టి, తను గంజి కేంద్రం దగ్గర నిలబడింది. మీ బావ దూరంగా కూర్చుని ఆ వరుసనే గీస్తున్నాడు. అమ్మ ఒరిగితే, అలిసి కూర్చుందనుకుని గీస్తూనే ఉన్నాడు. బొమ్మ పూర్తిచేసి దగ్గరికి పోయేసరికి ఊపిరి లేదు. ఆ కాగితం ఆ రోజే పొయ్యిలో పెట్టాడు.

ఇప్పుడు గుడ్డ మీద అందరి మొహాలూ వచ్చాయి, అమ్మది తప్ప. కొడుకువైన నువ్వు ఒప్పుకోకుండా గీయనంటున్నాడు. నన్ను తిట్టాలంటే తిట్టు. కానీ వచ్చి చెప్పు.