షెడ్డులో గుడ్లగూబ ఉన్నట్టా, లేనట్టా?

అమ్మకు,

నేను బాగానే ఉన్నాను, మీ వ్యవహారమే నాకు అనుమానంగా ఉంది.

వన్యప్రాణి సంరక్షణ ప్రధాన సబ్జెక్టుగా చదవాలంటే కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్ పాసైతే చాలదని, ఏదో ఒక ప్రాణిని ఏడాదంతా గమనించి రాయాలని నీకు చెప్పాను కదా. అందుకే మన షెడ్డు అటక మీది గుడ్లగూబను ఎంచుకున్నాను. అది తిన్న ఎలుకల బొచ్చూ ఎముకలూ ఉండలుగా కక్కితే, నువ్వు వాటిని ఏరి డబ్బాలో పంపుతున్నావు, నేనిక్కడ విప్పి చూస్తున్నాను.

నిన్న వచ్చిన ఉండను మేడమ్ ఎదుటే విప్పాను. లోపల కోడి ఎముక! అదీ ఉడికింది, కత్తితో నరికింది. మేడమ్ కళ్ళజోడు పైకి జరిపి, "మీ గుడ్లగూబ వంట కూడా చేస్తుందా అమ్మాయ్?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ బొచ్చు కూడా పోల్చుకున్నాను, అది నాన్న షేవింగ్ బ్రష్షుది.

పోయిన కార్డులో "షెడ్డు ఇప్పుడు అద్దంలా ఉంది" అని రాసినప్పుడే నాకు తేడా కొట్టింది. గుడ్లగూబ వచ్చిపోయే అటక కన్నానికి నాన్న రేకు కొట్టేశాడా? నిజం రాయి. పక్షి వెళ్ళిపోయిందని రాసినా మార్కులిస్తారు. లేనిదాన్ని ఉందని రాస్తే మాత్రం నా డిగ్రీ గోవిందా.

ఆ రేకు ఈరోజే పీకించు. నా స్వెట్టర్ పంపు. చెల్లికి జ్వరం తగ్గిందా?

నాన్నకు నమస్కారాలు. ఉండ మాత్రం భలే చుట్టాడని చెప్పు. విప్పేదాకా మేడమ్ కూడా నమ్మారు.

నీ పెద్దది